సస్పెన్షన్ దించి ఇచ్చే ఆ షాపుతో జాగ్రత్త, అలైన్‌మెంట్ రిపోర్టు మీద టైమ్ చూడండి

ఏ షాపో మీలో చాలామందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది, పేరు రాయను. కారు ఎత్తు తగ్గించే లోవరింగ్ స్ప్రింగులు, ఫిట్టింగ్, వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) అన్నీ కలిపి ప్యాకేజీ అన్నాడు, సరే అన్నాను, కారు చూడ్డానికి బాగానే వచ్చింది. అక్కడిదాకా గొడవేం లేదు.

ఇప్పుడు ముందు టైర్లు రెండూ చెత్తలోకి పోయాయి. బయటి నుంచి చూస్తే ట్రెడ్ నిక్షేపంలా ఉంది. పంక్చర్ వేయిద్దామని చక్రం విప్పిస్తే లోపలి అంచు కనిపించింది, రబ్బరు మొత్తం పోయి వైర్లు బయటికొచ్చి ఉన్నాయి. పంక్చర్ అబ్బాయి "దీంతోనే హైవే ఎక్కారా సార్?" అన్నాడు.

నేరుగా షాపుకెళ్లాను. "అలైన్‌మెంట్ చేశాం, రిపోర్టు ఇచ్చాం, చూసుకోండి సార్" అన్నాడు. నిజమే, ఇచ్చాడు. కార్లోంచి ఆ కాగితం తీసి వాడి ముందే చదివాను. గడులన్నీ పచ్చగా కళకళలాడుతున్నాయి, అంటే కోణాలన్నీ సరిగ్గా ఉన్నట్టు. పైన టైమ్ చూస్తే పొద్దున్నే, నేను తాళాలిచ్చిన కాసేపటికి తీసిన ప్రింటు. పాత స్ప్రింగులు విప్పుతున్న ఫోటో నాకు వాట్సాప్‌లో వచ్చింది మధ్యాహ్నం, పంపింది కూడా వాడే! అంటే కారు కంపెనీ ఎత్తులో ఉండగా అలైన్‌మెంట్ చేసేసి, తర్వాత కిందికి దించి, పొద్దుటి కాగితం నా చేతిలో పెట్టాడన్నమాట. ఫోన్, కాగితం పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏమన్నాడో తెలుసా? "చక్రాలు అవేగా బ్రదర్, అలైన్‌మెంట్ ఎక్కడికి పోతుంది?" అప్పటిదాకా సార్‌ని, దొరికిపోయాక బ్రదర్‌ని అయిపోయాను. వెనకున్న కుర్రాళ్లు నవ్వారు. రాత్రంతా ఆ నవ్వే చెవిలో మోగింది. టైర్ల డబ్బులు అడిగితే టైర్ కంపెనీని అడుక్కోమన్నాడు.

ఎక్కడికి పోతుందో నేను చెప్తా. నాలాంటి స్ట్రట్ సస్పెన్షన్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే స్తంభంలా ఉండేది) కారు ఎత్తు తగ్గిస్తే, చక్రాన్ని కింద పట్టి ఉంచే ఆర్మ్ కోణం మారి చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, అదే నెగటివ్ క్యాంబర్. స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ కోణం కూడా మారుతుంది కాబట్టి టో కదులుతుంది, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరుగుతాయి. టైరును ఎక్కువగా తినేది ఈ టోనే. క్యాంబర్ కాస్త పెరిగినా టో సరిగ్గా ఉంటే టైరు చాన్నాళ్లు లాగుతుంది, రెండూ తప్పితే లోపలి అంచును ఉప్పుకాగితం పెట్టి గీకినట్టే. కొత్త టైర్లు వేసి వేరేచోట చూపిస్తే టో రెండువైపులా బయటికి, దాదాపు సమానంగా తప్పి ఉంది. సమానంగా తప్పితే కారు పక్కకి లాగదు, స్టీరింగ్ సూటిగానే ఉంటుంది, ఇక అనుమానం ఎలా వస్తుంది? ఇంకోటి, చాలా కార్లకి ముందు చక్రాల్లో కంపెనీ ఇచ్చే అడ్జస్ట్‌మెంట్ టో ఒక్కటే. క్యాంబర్ సరిచేయాలంటే క్యాంబర్ బోల్టులో ప్లేట్లో విడిగా వేయించాలి. ఈ మహానుభావుడు ఆ ముక్క ముందు చెప్పనేలేదు, చెబితే ప్యాకేజీ రేటు పెరుగుతుందిగా!

చేయించుకునేవాళ్లు స్ప్రింగులు వేశాకే అలైన్‌మెంట్ పెట్టించండి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు సర్దుకున్నాక మళ్లీ ఒకసారి. రిపోర్టులో సరిచేయకముందు రీడింగు, సరిచేశాక రీడింగు రెండూ ఉండాలి. అప్పుడప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పి టైరు లోపలి అంచు చూడండి, చేత్తో తడిమేటప్పుడు మాత్రం మెల్లగా, వైరు బయటపడి ఉంటే గుచ్చుకుంటుంది.