అటారీ 2600+ ఇప్పటి పిల్లలకి నచ్చుతుందా? మా ఇంట్లో ఆడి చూశాక రాస్తున్నా

అటారీ 2600+ అంటే టీవీకి తగిలించి ఆడే పాత అటారీ గేమ్ కన్సోల్‌కి కొత్త రూపం. ముందు అసలు విషయం చెప్పేస్తా. నచ్చుతుంది. కాకపోతే టీవీకి తగిలించి, జాయ్‌స్టిక్ చేతిలో పెట్టేసి మన పనిలో మనం పడిపోతే మాత్రం కాసేపటికే మూలన పడేస్తారు. పక్కన పెద్దవాళ్ళు ఒకరు కూర్చోవాలి, గేమ్ ఎలా ఆడాలో చెప్పే పాత పుస్తకం, అంటే మాన్యువల్, ఫోన్‌లో తెరిచి ఉండాలి, రెండో జాయ్‌స్టిక్ కొనాలి. ఇవి ఉంటే పెట్టిన డబ్బుకి న్యాయం జరిగినట్టే.

మేం ఉండేది టెక్సాస్‌లో. ఆడింది మా అమ్మాయి, దానికి పన్నెండేళ్ళు, ఇంకా మా అక్క కొడుకు, వాడికి పదిహేను. ఇద్దరూ మైన్‌క్రాఫ్ట్, ఫోర్ట్‌నైట్ ఆడేవాళ్ళే. నాక్కూడా అటారీ కొత్తే. మాది విజయవాడ, తొంభైల్లో మా వీధిలో ఎవరింట్లో చూసినా నింటెండోకి కాపీగా వచ్చిన 8-బిట్ సెట్లే, అందులో కాంట్రా, మారియో, అంతే, అటారీ అనేది పేరు వినడమే తప్ప కళ్ళతో చూసింది లేదు. కాబట్టి చిన్నప్పటి గేమ్ అన్న మమకారంతో రాస్తున్న రివ్యూ కాదిది, ముగ్గురం ఒకేసారి మొదటిసారి చూశాం.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, అసలు 2600 అమెరికాలో 1977 సెప్టెంబర్‌లో వచ్చింది, అప్పుడు దాని పేరు వీడియో కంప్యూటర్ సిస్టమ్. ఇప్పుడు దొరికే 2600+ 2023 నవంబర్‌లో 129.99 డాలర్లకి రిలీజ్ చేశారు, 1980 నాటి నాలుగు స్విచ్చుల మోడల్‌నే కొంచెం చిన్న సైజులో చేశారు, ముందు చెక్కలా కనిపించే పట్టీతో సహా. వెనక హెచ్‌డీఎంఐ ఉంది కాబట్టి ఏ టీవీకైనా తగిలించొచ్చు. పవర్‌కి యూఎస్‌బీ-సీ కేబుల్ ఇస్తారు, అడాప్టర్ ఇవ్వరు, ఫోన్ ఛార్జర్‌ది వాడుకోవాలి. పాత 2600 క్యాసెట్లు, దాని తర్వాత వచ్చిన అటారీ 7800 క్యాసెట్లు కూడా ఇందులో పెట్టి ఆడొచ్చు. లోపల మాత్రం పాత చిప్పులు లేవు, క్యాసెట్‌లో ఉన్న గేమ్‌ని చదివేసుకుని ఎమ్యులేటర్‌లో, అంటే పాత మెషీన్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్‌లో నడుపుతుంది, అందుకే ఆన్ చేశాక కొన్ని సెకన్లు ఆగాలి.

దీంతో వచ్చే క్యాసెట్‌లో పది గేమ్‌లున్నాయి. ఏ గేమ్ కావాలన్నది క్యాసెట్ మీదున్న బుల్లి స్విచ్చులు పైకీ కిందకీ జరిపి ఎంచుకోవాలి. మావాడి మొదటి ప్రశ్న "మావయ్యా, మెనూ ఏదీ?" అని. మెనూ లేదు. సేవ్ లేదు, ట్యుటోరియల్ లేదు, గేమ్‌లోకి వెళ్ళాక ఇక్కడికెళ్ళు అని చెప్పే బాణం గుర్తు కూడా లేదు. గ్రాఫిక్స్ చూసి నవ్వుతారేమో అనుకున్నా గానీ గ్రాఫిక్స్ గురించి వాళ్ళు రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. వాళ్ళకి అడ్డం పడింది ఏం చెయ్యాలో ఎవరూ చెప్పకపోవడం. తప్పు పిల్లలది కాదు. ఆ రోజుల్లో క్యాసెట్‌లో చోటు మామూలుగా రెండు నుంచి నాలుగు కిలోబైట్లు, మెషీన్‌లో మెమరీ మొత్తం 128 బైట్లు, అందులో కథ, రూల్స్ రాయడం ఎక్కడ కుదురుతుంది, అదంతా కాగితం మీద పుస్తకంగా ఇచ్చేవాళ్ళు. అంటే గేమ్‌లో సగం క్యాసెట్‌లో, సగం మాన్యువల్‌లో. మాన్యువల్ లేకుండా ఆడమంటే సగం గేమ్ ఇచ్చి నచ్చలేదేం అని అడిగినట్టే కదా. పాత మాన్యువల్స్ స్కాన్ చేసినవి నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

దీనికి మంచి ఉదాహరణ యార్స్ రివెంజ్. హోవార్డ్ స్కాట్ వార్షా చేసిన గేమ్. మొదట ఇద్దరూ చేతులెత్తేశారు. ఒక ఈగ, ఒక గోడ, మధ్యలో రంగురంగుల మెరుపుల పట్టీ, ఎటెళ్ళినా చచ్చిపోవడం. అప్పుడు మాన్యువల్ తీసి చదివి చెప్పా, గోడని కొరుక్కుంటూ తినాలి, అలా చేస్తే ఫిరంగి వస్తుంది, దాంతో అవతలివాడిని కొట్టాలి, ఆ ఫిరంగి గుండు దారిలో నువ్వే ఉంటే నువ్వే పోతావు, మెరుపుల పట్టీలో దాక్కుంటే చిన్న మిస్సైల్ ఏం చెయ్యలేదు కానీ అక్కణ్ణించి నువ్వూ కాల్చలేవు అని. అంతే, ఒక్కసారిగా అర్థమైపోయింది, మా అమ్మాయికి ఇప్పుడు అన్నిట్లోకీ ఇదే ఫేవరెట్. ఈ గేమ్‌కి అప్పట్లో డబ్బాలో ఒక కామిక్ పుస్తకం కూడా ఇచ్చేవాళ్ళట, ఈగ ఎందుకు పగబట్టిందో అందులో ఉంటుంది. ఇంకో సంగతి, ఆ మెరుపుల పట్టీ బొమ్మని వేరే గీయలేదు, గేమ్ కోడ్‌నే తీసి బొమ్మలా స్క్రీన్ మీద పోశాడు, మెమరీ కలిసొస్తుందని. ఇది చెప్తే మా అక్క కొడుకు గేమ్ పాజ్ చెయ్యబోయాడు ఆ పట్టీని చూద్దామని, పాజ్ లేదు.

కంబాట్ అయితే మాన్యువల్ లేకపోయినా పర్లేదు కానీ రెండో జాయ్‌స్టిక్ తప్పనిసరి. 1977లో కన్సోల్‌తో పాటు ఇచ్చిన గేమ్ ఇదే. ఇందులో కంప్యూటర్ ఆడదు, ఎదుట మనిషి ఉండాల్సిందే. డబ్బాలో మాత్రం ఒకే జాయ్‌స్టిక్ ఇచ్చారు, నాకు బాగా అసంతృప్తి కలిగిన విషయం ఇదే, ఎందుకంటే ఆ పదిలో ఇద్దరు కలిసి ఆడితేనే రుచి తెలిసేవి చాలానే ఉన్నాయి. రెండోది 2023లో 24.99 డాలర్లు, కన్సోల్‌తో పాటే ఆర్డర్ పెట్టేయండి, పాత అటారీ జాయ్‌స్టిక్ ఎవరి దగ్గరైనా ఉంటే అదీ పనిచేస్తుంది. కంబాట్‌లో 27 రకాల ఆటలున్నాయి, ట్యాంకులు, పాత విమానాలు, జెట్లు. ఒక్కో ఆట రెండు నిమిషాల పదహారు సెకన్లే. గుండు గోడకి తగిలి బంతిలా తిరిగొచ్చే ట్యాంక్ ఆట ఉంది చూడండి, అందులో మా ఇంట్లో అరుపులు పక్కింటికి వినపడ్డాయి. తర్వాత ట్యాంకులు కనపడకుండా పోయే రకం పెట్టా, కాల్చినప్పుడో, దెబ్బ తగిలినప్పుడో, గోడకి గుద్దుకున్నప్పుడో మాత్రమే కనపడతాయి, అందులో వాడు కావాలని గోడకి గుద్దుకుని, కనపడి, వెంటనే వేరే వైపు వెళ్ళి మా అమ్మాయిని ఏమార్చాడు. ఇది ఎవరూ నేర్పలేదు. "మళ్ళీ మళ్ళీ, ఇంకొక్కటి నాన్నా" అని అది. పక్కపక్కన కూర్చుని, భుజం తగులుతూ ఆడటం ఈ పిల్లలకి చాలా తక్కువ, హెడ్‌సెట్లు పెట్టుకుని ఎవరి గదిలో వాళ్ళు ఆడేవాళ్ళు. నాకు ఈ కన్సోల్ మీద గౌరవం పెరిగింది అక్కడే.

అడ్వెంచర్ గురించి ఇంకొంచెం చెప్పాలి. వారెన్ రాబినెట్ చేసింది. మనం ఒక చిన్న చదరం, అంతే. తాళంచెవులు, కోటలు, కత్తి, అన్నీ ఎత్తుకుపోయే గబ్బిలం, మూడు డ్రాగన్లు. డ్రాగన్‌ని చూసి మా అమ్మాయి బాతు అంది, నిజంగానే అలాగే ఉంటుంది. అది మింగేస్తే గేమ్ ఓవర్ అని రాదు, దాని పొట్టలో అలా ఉండిపోతాం, రీసెట్ స్విచ్ నొక్కితే బతికొస్తాం. ఒకసారి ఒకే వస్తువు పట్టుకోగలం కాబట్టి కత్తి కావాలా తాళంచెవి కావాలా అని ఆలోచించుకోవాలి. మావాడు కాగితం తెచ్చి మ్యాప్ గీయడం మొదలెట్టాడు, నేను చెప్పలేదు. అప్పట్లో అటారీ గేమ్ చేసినవాళ్ళ పేరు ఎక్కడా వేసేది కాదు, అందుకని రాబినెట్ కంపెనీకి చెప్పకుండా లోపల ఒక రహస్య గది పెట్టి అందులో తన పేరు రాసుకున్నాడు, అది బయటపడేసరికి ఆయన ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. ఈస్టర్ ఎగ్స్ అని, గేమ్‌లో దాచిపెట్టిన రహస్యాల కోసం ఇప్పుడు ప్రతి గేమ్‌లో వెతుకుతారే, వాటిలో బాగా పేరొచ్చింది ఇదే. ఎలా దొరుకుతుందో మీ పిల్లలకి చెప్పకండి, వెతకనివ్వండి.

హాంటెడ్ హౌస్ బానే ఉంది, చీకట్లో రెండు కళ్ళే కనపడతాయి, అగ్గిపుల్ల వెలిగించుకుంటూ కుండ ముక్కలు మూడు వెతకాలి, లైట్లు ఆపి ఆడండి. మిస్సైల్ కమాండ్ కాసేపు బావుంటుంది. పిన్‌బాల్, వాలీబాల్ మా వాళ్ళు మళ్ళీ పెట్టలేదు.

పాత క్యాసెట్లు అమెరికాలో రెట్రో షాపుల్లో, గ్యారేజ్ సేల్స్‌లో దొరుకుతాయి, మాకు దొరికిన వాటిలో పిట్‌ఫాల్, ప్యాక్-మ్యాన్ ఉన్నాయి. డేవిడ్ క్రేన్ చేసిన పిట్‌ఫాల్ 1982ది, ఇరవై నిమిషాల టైమ్‌లో 32 నిధులు ఏరుకోవాలి, మారియో ఆడిన ఏ పిల్లలకైనా వెంటనే అర్థమైపోతుంది, పరిచయానికి అన్నిటికన్నా సులువు ఇదే. ప్యాక్-మ్యాన్‌లో దెయ్యాలు మినుకుమినుకుమంటుంటే టీవీ పాడైందేమో అన్నారు. ఆ పాత వీడియో చిప్ ఆటగాళ్ళ బొమ్మలు రెండే సరిగ్గా చూపించగలదు, నాలుగు దెయ్యాలు కావాలంటే వంతులవారీగా చూపించాలి, అందుకే ఆ మినుకు. క్యాసెట్లు కొనేముందు అటారీ సైట్‌లో ఏవి నడుస్తాయో లిస్ట్ చూసుకోండి, అన్నీ నడవవు.

జాయ్‌స్టిక్ గట్టిగా ఉంటుంది, ఒకటే బటన్, చిన్న చేతులకి కాసేపటికి నొప్పి పుడుతుంది, మధ్యలో ఆపించండి. ఒక్కరే ఆడుకునే పిల్లలైతే, పక్కన కూర్చునే తీరిక మీకు లేకపోతే ఇది కొనకండి, పిట్‌ఫాల్ లాంటి రెండు మూడు గేమ్‌లకి అంత పెట్టక్కర్లేదు. ఇద్దరు పిల్లలుంటే కొనండి. అదనంగా ఇంకేదైనా తీసుకుందాం అనుకుంటే గుండ్రంగా తిప్పే పాడిల్స్ జత ఉంది, దాంతో బ్రేకౌట్, వీడియో ఒలింపిక్స్ (బంతిని బ్యాట్‌తో కొట్టే పాంగ్ ఆటలు ఇందులోవే) ఉన్న క్యాసెట్ ఇస్తారు. జత మొత్తం ఒకే పోర్ట్‌కి తగులుతుంది, అంటే రెండు జతలు తీసుకుంటే పాంగ్ నలుగురు కలిసి ఆడొచ్చు. మేం ఒక జత ఆర్డర్ పెట్టాం, రెండోది మా అక్క కొంటానంది.