స్కైలైన్స్‌లో జాజ్ రేడియో: గేటు పడ్డప్పుడు వినడానికి భలే ఉంది

ఊళ్లు కట్టే కంప్యూటర్ గేమ్ సిటీస్: స్కైలైన్స్ ఆడేవాళ్లలో చాలామంది ఆటలోని రేడియో కట్టేసి, పక్కన ఫోన్లో సొంత పాటలు పెట్టుకుంటారు. నేనూ ఆ బాపతే. ఆటతో పాటు వచ్చే స్టేషన్లలో మధ్యమధ్య ప్రకటనలు, కబుర్లు ఉంటాయి. మొదటిసారి నవ్వొచ్చిన జోకే పదోసారికి చెవిలో జోరీగ అవుతుంది. అలాంటిది సేల్‌లో 'ఆల్ దట్ జాజ్' అనే రేడియో యాడాన్ (ఆటకి విడిగా కొనుక్కునే అదనపు సరుకు) కనబడితే తీసుకున్నాను. ఇప్పటికీ రోజూ మోగుతూనే ఉంది.

ముందే చెప్పేస్తా, ఇందులో సంగీతం తప్ప ఇంకేమీ రాదు. కొత్త బిల్డింగులు రావు, రోడ్లు రావు. కాన్సర్ట్స్ యాడాన్‌లో లాగా కచేరీలు పెట్టించుకునే జాగా కూడా ఉండదు. రేడియోలో ఒక స్టేషన్ పెరుగుతుంది, అంతే. ఇది 2015లో వచ్చిన మొదటి స్కైలైన్స్‌కి మాత్రమే. 2023 నాటి రెండో ఆట ఉన్నవాళ్లు పొరపాటున కొనకండి, అందులో పనిచేయదు.

మాది పర్లాకిమిడి. బజార్లో చిన్న జిరాక్స్ షాపు, ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా నింపుతాను. రాత్రి షట్టర్ దించి, భోంచేసి ఆటకి కూర్చుంటే కట్టేది మళ్లీ మా ఊరినే. మహేంద్రతనయ ఏరు తవ్వాను, నౌపడ నుంచి గుణుపురం దాకా రైలు లైను వేశాను. అసలు లైను రాజావారు వేయించిన నేరో గేజి, 1900లో మొదలైంది. గుణుపురం చేరేసరికి 1931. ఇప్పుడదీ బ్రాడ్ గేజే. మాడ్ల (ఆడేవాళ్లే చేసి పంచుకునే మార్పుల) జోలికి పోను కాబట్టి నా ఊళ్లో కూడా మామూలు పట్టాలే.

రోడ్డుకి అడ్డంగా పట్టాలు వేస్తే ఆటే అక్కడ రైలు గేటు పెట్టేస్తుంది. గేటు పడిందా, లారీలన్నీ ఒకే లేన్లో బారు కడతాయి. పక్క లేను ఖాళీగా ఉన్నా చచ్చినా అందులోకి రావు. ఈ ఆటలో బళ్లకి ఆ జబ్బు మొదట్నుంచీ ఉంది. ఆ బారు చూస్తే ఎవరికైనా టెన్షనే, రోడ్డు పీకెయ్యాలనిపిస్తుంది. జాజ్ మోగుతుంటే మాత్రం చెయ్యి అంత తొందరపడదు. డ్రమ్ము మీద కర్ర పడదు, బ్రష్షుతో మెల్లగా రాస్తుంటారు. కింద బాస్ ఒక్కో స్వరం మీద నిదానంగా అడుగేస్తుంటుంది. ఆ నడకలో పడి, ఒక్కో లారీ మీద క్లిక్ చేసి అది ఎక్కడ బయల్దేరింది, ఎటు పోతోంది అని చూస్తూ కూర్చుంటాను. తీరా చూస్తే సగం ట్రాఫిక్ జాములకి ఫ్లైఓవర్ అక్కర్లేదు, ఫ్యాక్టరీల వైపు ఇంకో దారి ఇస్తే చాలు.

మా పక్కింటి బాబాయి పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. ఓ రాత్రి గుమ్మంలోంచి విని, "ఏట్రా అది, సౌండు పెంచు" అంటూ లోపలికొచ్చాడు. శాక్సోఫోన్ సోలో నడుస్తోంది. కాసేపు కళ్లు మూసుకుని, "ఈడు పాటొగ్గేసి ఎటో పోతన్నాడు గానీ తాళం ఒగ్గలేదు సూడు. ఇప్పుడొచ్చేస్తాడు" అని తొడ మీద దెబ్బేశాడు. సరిగ్గా ఆ దెబ్బ మీదే మొదటి వరస తిరిగొచ్చింది.

అదే రాత్రి నా ఊళ్లో చావులు మొదలయ్యాయి. ఆడేవాళ్లకి ఇది తెలిసిందే: ఒకేసారి పెద్ద పేట తెరిస్తే అందరూ ఇంచుమించు ఒకే వయసులో దిగుతారు, పోవడం కూడా గుంపుగానే పోతారు. ఇంటింటి మీదా పుర్రె గుర్తు, వీధుల నిండా శవాల బళ్లు, వెనకాల హుషారుగా ట్రంపెట్. ఇదేం పద్ధతి అనుకున్నాను గానీ, జాజ్ పుట్టిన న్యూ ఆర్లీన్స్‌లో శవయాత్రకి బ్యాండు ఉండడం పాత ఆచారమే. శ్మశానం దాకా బరువైన పాటలు, సాగనంపి తిరిగొచ్చేటప్పుడు చిందులేయించే పాటలు. బాబాయికి చెబితే వింతేమీ పడలేదు. "మనకాడ మాత్రం ముసిలోల్లు పోతే బాజా నేకుండా ఎత్తుతారేటి" అన్నాడు. నేను శ్మశానవాటికలు ఇంకో రెండు కట్టి, ఆ స్టేషన్నే ఉంచేశాను.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రమంతా ఆడితే అవే పాటలు మళ్లీ మళ్లీ తగులుతాయి. చాలావరకు ఒకే నిదానంలో ఉన్నట్టనిపిస్తాయి కూడా. 1999 నాటి సిమ్‌సిటీ 3000కి జెర్రీ మార్టిన్ చేసిన జాజ్‌లో ఒక కొంటెతనం ఉండేది, అది ఇక్కడ తక్కువ. సుడిగాలి వచ్చి పేట ఎత్తుకుపోతున్నా పియానో మాత్రం ఏమీ పట్టనట్టు మోగుతూనే ఉంటుంది. ఇంకోటి, ల్యాప్‌టాప్ స్పీకర్లలో బాస్ అసలు వినబడదు. అది లేకపోతే ఈ సంగీతంలో మిగిలేది సగమే. చవకవైనా సరే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఆప్షన్స్‌లోకెళ్లి వీధి చప్పుళ్లు కాస్త తగ్గించుకోండి.

పూర్తి ధరకి మాత్రం నేను కొనమనను. గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో సేల్స్ వస్తూనే ఉంటాయి, అప్పుడు తీసుకోండి. ఇంకా ఏ యాడాన్ లేనివాళ్లయితే ఆ డబ్బులు ముందు మాస్ ట్రాన్సిట్ మీద పెట్టండి. అందులో ఫెర్రీలు, మోనోరైలు, కేబుల్ కార్లు వస్తాయి, ఊరు కట్టే తీరే మారిపోతుంది. జాజ్ ఆ తర్వాత.