బెజవాడ లాడ్జీ, గుంటూరు కర్రల గ్యాలరీ

విజయవాడలో రైల్వే స్టేషనుకు నడకదూరమని ప్రకటించుకునే లాడ్జీలలో గది తీసుకునేవారు, ‘24 గంటల చెకౌట్’ అన్న మాటను రసీదు మీద రాయించుకున్న తరువాతే డబ్బు చెల్లించాలని నా మొదటి సలహా. సంక్రాంతి వెళ్లిన వారంలో నేనూ, నా భార్యా, ఇంగ్లండు నుంచి సెలవు మీద వచ్చిన నా బావమరిదీ కాకినాడ నుంచి వెళ్లి గాంధీనగర్‌లో అటువంటి లాడ్జీ ఒకదానిలో దిగాము. ఏసీ గదికి ఆన్‌లైన్‌లో 1,680 రూపాయలు ముందే కట్టాము. సాయంత్రం ఆరింటికి తాళంచెవి ఇచ్చినవారు మరునాడు ఉదయం పదకొండింటికే తలుపు తట్టి, ఇరవై నాలుగు గంటల నియమం కౌంటరులో గది తీసుకున్నవారికేననీ, ఆన్‌లైన్‌లో తీసుకున్నవారు పన్నెండింటికి ఖాళీ చేయకపోతే సగం అద్దె అదనంగా కట్టాలనీ చెప్పారు. కౌంటరు వెనుక గోడ మీద వేలాడుతున్న బోర్డులో ఆ తేడా ఎక్కడా లేదు.

అంతకుముందు రాత్రే మూడవ మనిషికి పరుపు వేసినందుకు 450 రూపాయలు తీసుకున్నారు. ఆ పరుపు మందం చూసి నా భార్య, దుప్పటి ఏదో పరుపు ఏదో చెప్పమని కుర్రవాణ్ణి అడిగింది. ఏసీ రిమోటుకు 500 రూపాయల డిపాజిట్ అడిగారు. జనవరి చలిలో ఏసీతో పని లేదు కాబట్టి అది మిగిలింది. వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది వరకే వస్తాయన్నారు, మా అంతస్తుకు ఏడున్నరకే ఆగిపోయాయి. అదనపు 840 రూపాయలు కట్టే వేళకు నా బావమరిది పూర్తిగా మౌనం వహించాడు, నా భార్య మాత్రం కౌంటరులోని అబ్బాయితో, “బాబూ, ఆ బోర్డు తీసేయండి, లేకపోతే దాని మాట నిలబెట్టండి” అని నలుగురూ వినేటట్లే చెప్పింది. డబ్బు వెనక్కి రాలేదు.

మేము వెళ్లిన పని గుడులూ గుహలూ కాదు, పాత ఆటస్థలాలను చూడాలన్నది నా బావమరిది కోరిక. అతడు ఉండే నార్విచ్ నగరం నుంచి రైలులో సుమారు అరగంట దూరంలో గ్రేట్ యార్మత్ అనే సముద్రతీరపు పట్టణం ఉంది. అక్కడి వెల్స్లీ మైదానంలో 1892లో కట్టిన కర్ర గ్యాలరీలో కూర్చుని స్థానిక జట్టు ఆట చూడడం అతనికి శనివారపు అలవాటు. ఇప్పటికీ వాడుకలో ఉన్న కర్ర ఫుట్‌బాల్ గ్యాలరీలలో అదే అన్నిటికంటే పాతదని ఆ ఊరివారు చెప్పుకుంటారు. ప్రభుత్వం దానిని రెండవ శ్రేణి రక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది కాబట్టి, దాని స్వరూపం మారే పని ఏది చేయాలన్నా స్థానిక సంస్థ అనుమతి కావాలి. లండన్‌లో ఫుల్హమ్ జట్టు ఆడే క్రేవెన్ కాటేజ్ మైదానంలోనూ ఆర్చిబాల్డ్ లీచ్ అనే స్కాట్లండ్ ఇంజనీరు 1905లో కట్టిన గ్యాలరీ, అందులోని చెక్క కుర్చీలు నేటికీ ఉన్నాయి. ఇటువంటిది మన వైపు ఒక్కటైనా మిగిలిందా అన్నది అతని ప్రశ్న, లేదని నా జవాబు. ఈ వాదం కాకినాడలోనే మొదలై ప్రయాణమంతా సాగింది, నా భార్య అందువల్ల సామర్లకోట దాటగానే కళ్లు మూసుకుంది.

విజయవాడలో బందరు రోడ్డు మీది ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియం చూశాము, గాంధీనగర్ నుంచి ఆటోకు 120 రూపాయలు అయింది. అంతా కాంక్రీటు. 2002 నవంబరు 24న భారత్, వెస్టిండీస్ వన్డే సిరీసులోని ఏడవ మ్యాచి ఇక్కడే జరిగింది, మార్లన్ శామ్యూల్స్ శతకంతో వెస్టిండీస్ 135 పరుగుల తేడాతో గెలిచి సిరీసును 4–3తో ఎత్తుకుపోయింది. ముఖ్యమంత్రిగా జగన్మోహన్ రెడ్డి 2019 మే 30న ప్రమాణం చేసిందీ ఈ మైదానంలోనే. ఆటలకూ సభలకూ పనికివచ్చే చోటే కాని, పాతదనం కోసం వెళ్లవలసిన చోటు కాదు.

పాతదనం అదే బందరు రోడ్డు మీద, విక్టోరియా జూబిలీ మ్యూజియంగా పేరుపడి ఇప్పుడు బాపు మ్యూజియం అయిన భవనంలో ఉంది. 1887 జూన్ 27న దానికి శంకుస్థాపన చేసినవాడు అప్పటి కలెక్టరు రాబర్ట్ సీవెల్. 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి పతాకం నమూనా అందజేసింది కూడా ఈ భవనంలోనే. యార్మత్ గ్యాలరీ కంటే ఇది అయిదేళ్లు పెద్దదని నేను అన్నప్పుడు నా బావమరిది నవ్వి, “రాయి నిలబడడంలో గొప్పేముంది బావా, కర్రను నిలబెట్టి చూపించండి” అన్నాడు.

కర్రను గుంటూరులో చూశాము, అయితే అతడు అనుకున్న తీరులో కాదు. ఆర్టీసీ బస్సులో గుంటూరు చేరడంలో చెప్పుకోదగినది ఏదీ లేదు. ఊరి అంచున ఒక మైదానంలో ఫుట్‌బాల్ టోర్నమెంటు సెమీఫైనల్ ఉందని ఆటోడ్రైవరు చెప్పి 150 రూపాయలకు దింపాడు. గేటు దగ్గర కాపలాదారు ఫోను కెమెరా తీసుకువెళ్లడానికి అనుమతిపత్రం కావాలని పట్టుబట్టి, చివరకు 100 రూపాయలతో ఆ పత్రం అవసరాన్ని మరిచిపోయాడు. లోపల పడమటి వైపు సర్వి బాదులతో కట్టిన ఏడు మెట్ల గ్యాలరీ ఉంది, టికెట్టు 50 రూపాయలు.

మన ప్రాంతపు కబడ్డీ పోటీలకూ, ఒంగోలు ఎడ్ల బండలాగుడు పందాలకూ వెళ్లినవారికి ఈ గ్యాలరీలు కొత్త కాదు. వాటిని కట్టే మనిషితో మాట్లాడడం మాత్రం నాకు అదే మొదలు. ఆట మొదలు కావడానికి గంటన్నర ముందు, అరవై దాటిన ఒక మేస్త్రీ కింద వంగి ముడులు చూసుకుంటూ కనిపించాడు. బావమరిది అడగగానే పని ఆపకుండానే చెప్పసాగాడు. నిలువు బాదులను రెండడుగుల గోతులలో దించి, మట్టి వేసి దిమ్మిసతో గట్టిపరుస్తారు. అడ్డబాదులను కొబ్బరితాడుతో కట్టి, కూర్చోవడానికి సెంట్రింగు చెక్కలు పరుస్తారు. నైలాను తాడు చవకే కాని నున్నగా ఉండడంవల్ల ముడి జారుతుందనీ, కొబ్బరితాటి గరుకు కర్రను పట్టుకుంటుందనీ అన్నాడు. అన్నిటికంటే ముఖ్యమైనవి వెనుకవైపున గుణకారపు గుర్తులా వేసే ఏటవాలు బాదులట. జనం కూర్చున్నంతసేపూ బరువు నిలువుగానే దిగుతుంది. గోలు పడినప్పుడు అందరూ ఒక్కసారి లేచి ఊగితేనే ప్రమాదం. ఆ పక్క ఊపును ఆపేవి ఏటవాలు బాదులే కాబట్టి, కర్రలు తక్కువైనప్పుడు మెట్టు ఒకటి తగ్గిస్తాడే కాని వాటిని తగ్గించడు. కట్టడం పూర్తయ్యాక పనివాళ్లను పై మెట్టు మీద నిలబెట్టి ఒకేసారి గెంతమంటాడు. టోర్నమెంటు మొత్తానికి కర్రలూ కూలీ కలిపి 38,000 రూపాయలు తీసుకుంటున్నానని, అడగకుండానే చెప్పాడు.

దీనినే శాశ్వతంగా ఉంచకూడదా అని నా బావమరిది అడిగాడు. “మట్టిలో ఉన్న మొదలును చెద వదలదండి బాబుగారూ, కాలిన ఇంజనాయిలు పూసినా ఒక వానకాలం ఆగుతుందేమో” అన్నాడు మేస్త్రీ. బాగున్న బాదులు మరో పందానికి పోతాయి, పుచ్చినవి పొయ్యిలోకి పోతాయి. యార్మత్‌లో కర్రను చట్టం కాపాడుతోంది. ఇక్కడ వారంలో విప్పేసే కర్రలో కాపాడవలసినది ఆ కట్టు తెలిసిన చెయ్యి, దానికి ఏ జాబితాలోనూ చోటు లేదు. ఈ మాట నేను అన్నప్పుడు మొట్టమొదటిసారి అతడు ఎదురు చెప్పలేదు.

ఎదురు చెప్పకపోవడానికి వేరే కారణం కూడా ఉంది, అతని చూపు గ్యాలరీ కిందికి పోయింది. అక్కడ ఎండుగడ్డి, కాగితపు ప్లేట్లు, టీ కప్పులు పోగుపడి ఉన్నాయి, పై మెట్టు మీద ఇద్దరు కుర్రవాళ్లు సిగరెట్లు కాలుస్తున్నారు. కర్ర గ్యాలరీలను ప్రేమించే ఇంగ్లండువాళ్లు బ్రాడ్‌ఫర్డ్ పేరును మరవరు. 1985 మే 11న అక్కడి వ్యాలీ పరేడ్ మైదానంలో, ఇరవయ్యవ శతాబ్ది తొలి ఏళ్లలో కట్టిన కర్ర గ్యాలరీ కింద ఏళ్ల తరబడి పేరుకుపోయిన చెత్తకు, చెక్కల సందులోంచి జారిన అగ్గిపుల్లో సిగరెట్టు పీకో అంటుకున్నది. తారుపూత పరచిన కప్పుకు మంట ఎక్కి, నాలుగు నిమిషాలలోపే గ్యాలరీ అంతా కాలిపోయింది. 56 మంది మరణించారు. వెనుకవైపు గేట్లు మూసి ఉండడంవల్ల అటు పరుగెత్తినవారిలో చాలామంది బయటపడలేకపోయారు. ఆ కప్పును తీసి ఉక్కుకప్పు వేయడానికి కావలసిన సామగ్రి అప్పటికే సిద్ధంగా ఉంది, ఆ సీజను ముగియగానే పని మొదలుపెట్టవలసి ఉంది. ఆ తరువాత కర్ర గ్యాలరీలలో పొగతాగడాన్ని నిషేధించారు, వాటి భద్రత మీద చట్టాన్ని 1987లో మరింత బిగించారు. యార్మత్ గ్యాలరీ నేటికీ నిలిచి ఉందంటే అందులో రంగులకూ మరమ్మతులకూ ఎంత పాలు ఉందో, ఈ కట్టుబాట్లకూ అంతే పాలు ఉందని నా బావమరిది నమ్మకం.

అతడు పైకెక్కి కుర్రవాళ్లతో ఏమి మాట్లాడాడో నాకు వినపడలేదు కాని, వాళ్లు సిగరెట్లు ఆర్పి దిగివచ్చి, మేస్త్రీ మనుషులతో కలిసి గడ్డీ కాగితాలూ ఊడ్చారు. నిర్వాహకుడు ఒకరు వచ్చి, ప్రతి సంవత్సరం ఇలాగే ఉంటుందనీ ఏమీ కాలేదనీ చిరాకు పడ్డాడు. మేస్త్రీ మాత్రం ఒక నీళ్ల డ్రమ్మును గ్యాలరీ పక్కకు దొర్లించుకుని వచ్చాడు. ఆట సామాన్యంగా సాగి 1–0తో ముగిసింది. ఆ ఒక్క గోలుకు అందరమూ లేచి నిలబడ్డాము, చెక్కలు కిర్రుమన్నాయి గాని గ్యాలరీ ఊగలేదు. అప్పటివరకు ఫోను చూసుకుంటున్న నా భార్య, ఆ గోలు ఎవరు వేశారని ఆసక్తిగా అడిగింది.

రాత్రికి అరండల్‌పేటలో 1,300 రూపాయలకు దొరికిన గదిలో నిజంగానే ఇరవై నాలుగు గంటలు ఉండనిచ్చారు, వేడినీళ్లు పది వరకు వచ్చాయి, మూడవ పరుపుకు 200 తీసుకున్నారు. పక్క వీధిలోని మెస్సులో 130 రూపాయలకు పెట్టిన భోజనంలో గోంగూర పచ్చడి, మాగాయ, కందిపొడి, మారు వడ్డించిన ముద్దపప్పు ఉన్నాయి. విజయవాడలో స్టేషను ఎదుట 210 రూపాయలు పెట్టి తిన్నదానిని ఆ పూటతో మరిచిపోయాము. రెండు ఊళ్లూ చూడదలచినవారు బస గుంటూరులో పెట్టుకుని విజయవాడకు ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగిరావడం అన్నివిధాలా మేలు.

ఇటువంటి పోటీలకు వెళ్లేవారు పడమటి వైపు టికెట్టే తీసుకోవాలి. సాయంత్రపు ఎండ వీపు మీద పడుతుంది, తూర్పున తాడు కట్టిన చోట 20 రూపాయలకే నిలబడవచ్చు కాని మొదటి సగమంతా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకునే చూడాలి. కూర్చునే ముందు గ్యాలరీ వెనుకకు ఒకసారి వెళ్లి, ఏటవాలు బాదులు ఉన్నాయో లేదో, కింద చెత్త ఉందో లేదో చూసుకోవాలి. ఏటవాలు బాదులు లేని గ్యాలరీ అయినా, కింద చెత్త ఉన్న గ్యాలరీ అయినా, ఎండ ఎంత ఉన్నా ఆ 20 రూపాయల చోటే మంచిది.