అవిసె నూనె రాళ్ళ పెట్టె: సంతలో 35 యూరోలు

బెర్లిన్‌లో ఆదివారం పాత సామాన్ల సంతలో ఆంకర్ రాళ్ళ పెట్టె కనిపిస్తే బేరమాడి మా వాడికి తెచ్చాను. పిల్లలు ఇళ్ళు కట్టి ఆడుకునే పాతకాలం ఆట. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ ఒకదాన్ని గోటితో గీకి, "ఇవేంటే, రాళ్ళా, సుద్దముక్కలా?" అంది.

రెండూనూ. ఇసుక, సుద్ద, అవిసె నూనె కలిపి అచ్చుల్లో నొక్కి చేస్తారు. ఇటుక ఎరుపు, ఇసుకరాయి పసుపు, పలకరాయి నీలం, అంతే రంగులు. పట్టుకుంటే చల్లగా, బరువుగా ఉంటాయి. వీటిని కనిపెట్టింది ఓటో లిలియెంథాల్, ఆయన తమ్ముడు గుస్తాఫ్. అవును, ఇంజన్ లేకుండా గాల్లో తేలే గ్లైడర్లు చేసి ఎగిరిన లిలియెంథాలే! అమ్ముకోవడం చేతకాక 1880లో రిక్టర్ అనే వ్యాపారికి 1000 మార్కులకు (అప్పటి జర్మన్ డబ్బు) ఇచ్చేశారు. ఆయన దేశదేశాలకు అమ్మి బాగా గడించాడు. తర్వాత ఓటో తన గ్లైడర్లు ఒక్కోటి 500 మార్కులకు అమ్మాడు. అంటే ఈ ఆట హక్కులన్నీ రెండు గ్లైడర్ల ధరకు పోయాయన్నమాట. నాకైతే కడుపు మండింది.

ఈ రాళ్ళు ఒకదానికొకటి బిగుసుకోవు. బరువు సరిగ్గా పడితేనే నిలబడతాయి. మావాడి వంతెన నాలుగుసార్లు కూలింది, అయిదోసారి నిలిచింది. ఓటో గాల్లో చేసిందీ ఇలాంటి పనే. గ్లైడర్‌కి వేలాడుతూ కాళ్ళూ నడుమూ అటూ ఇటూ ఊపి బరువు సర్దుకునేవాడు. ఎగరడం కోసమే 1894లో ఇప్పటి బెర్లిన్‌లోని లిష్టర్‌ఫెల్డేలో 15 మీటర్ల మట్టిగుట్ట పోయించుకున్నాడు. అది ఇప్పటికీ ఉంది, ఎక్కి చూశాం. 1896 ఆగస్టు 9న మాత్రం ష్టోల్న్ అనే ఊరి దగ్గర కొండమీద నుంచి ఎగిరినప్పుడు ఆ సర్దుబాటు కుదరలేదు. పడి మెడ విరిగింది, మర్నాడే పోయాడు. 48 ఏళ్ళు.

లోపాలూ చెప్పాలి. గచ్చు మీద పడితే అంచులు పెళుసుగా రాలుతున్నాయి, కింద దుప్పటి పరచండి. అమ్మినాయన "సెట్ పూర్తిగా ఉంది" అని ఒట్టేశాడు గానీ, ఇంటికొచ్చి లెక్కేస్తే రెండు కమానులూ, నమూనాల పుస్తకమూ లేవు. జర్మనీలోని రూడోల్‌ష్టాట్ ఊళ్ళో 1963లో ఆగిన తయారీ 1995లో మళ్ళీ మొదలైంది కాబట్టి కొత్తవి కొనుక్కోవచ్చు, కాకపోతే ఖరీదు.

నమూనాలు లేకపోయినా మా అమ్మ ఎర్రరాళ్ళతో తులసికోట కట్టేసింది. మూడు రోజులైంది. మావాణ్ణి ముట్టుకోనివ్వడం లేదు.