పిల్లలకి ఏ గలివర్‌ని చూపించాలి?

దసరా సెలవులకి అక్క పిల్లలిద్దరూ విశాఖ వచ్చారు. వచ్చిన మర్నాటి నుంచే ముసురు. వాన కాస్త తెరిపిచ్చిన ఒక సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాను. పోర్టులోకి పిలుపు కోసం ఎదురుచూస్తూ దూరంగా లంగరేసుకున్న ఓడల్ని చూసి, ఆరేళ్ల గుంటడు ఒక కన్ను మూసి, బొటనవేలు అడ్డం పెట్టి, "మావయ్యా, ఓడ మాయం!" అన్నాడు. వెంటనే నాకు గలివర్ గుర్తొచ్చాడు. శత్రువుల యుద్ధనౌకలు యాభైకి కొక్కేలు తగిలించి, తాళ్లు పట్టుకుని సముద్రంలో నడుచుకుంటూ లాక్కొచ్చిన మనిషి. ఆ రాత్రి నుంచే ఇంట్లో సినిమాలు మొదలయ్యాయి. వారం తిరిగేసరికి మూడు చూశాం.

నా ఓటు 1996లో టీవీకి తీసినదానికి. ఎందుకో చెప్పాలంటే ముందు నవల సంగతి చెప్పాలి.

జొనాథన్ స్విఫ్ట్ 'గలివర్స్ ట్రావెల్స్'ని 1726లో అచ్చువేయించాడు. గలివర్ ఓడ డాక్టరు. తను చూసిన వింతలన్నీ గుమాస్తా లెక్క రాసినట్టు రాస్తాడు. మనిషి ఎన్ని అంగుళాలు, గోడ ఎన్ని అడుగులు, ఏ తేదీన ఏ గాలి వీచింది. ఆరంగుళాల మనుషులుండే లిల్లీపుట్ దేశంలో, గుడ్డుని పెద్ద వైపు పగలగొట్టాలా, చిన్న వైపు పగలగొట్టాలా అన్న తగాదాలో, చిన్న వైపు పగలగొట్టడం కన్నా చావే నయమని 11,000 మంది ప్రాణాలిచ్చారని చెబుతాడు. చెప్పేటప్పుడు మొహంలో ఒక్క కండరం కదలదు. మన పేరంటాల్లో ఒక పెద్దావిడ ఉంటుంది చూడండి, అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఆవిడ మాత్రం తాంబూలాలు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. గలివర్ ఆ బాపతు. అందుకే ఏ గలివర్‌ని చూసినా నేను చూసేది ఒక్కటే, వీడు తన జోకుకి తనే నవ్వుతున్నాడా అని.

2010 నాటి సినిమాలో గలివర్ వేసిన జాక్ బ్లాక్ నవ్వుతాడు. మొదటి నుంచి చివరిదాకా నవ్వుతాడు. కథని న్యూయార్క్‌లో ఒక పత్రికాఫీసుకి తెచ్చారు. అక్కడ ఉత్తరాలు పంచే కుర్రాడు ఎవరో రాసింది కాపీ కొట్టి ప్రయాణాల వ్యాసం ఇస్తాడు, బెర్ముడా ట్రయాంగిల్‌కి వెళ్లి లిల్లీపుట్‌లో తేలతాడు. అక్కడ హాలీవుడ్ సినిమా కథలన్నీ తన జీవితమని కోతలు కోస్తాడు. పిల్లలు బాగా నవ్వారు, అబద్ధమెందుకు. కానీ మర్నాడు ఇడ్లీ తింటూ ఆ సినిమా గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

రాజభవనం తగలబడే ఘట్టం దగ్గర తేడా బాగా తెలుస్తుంది. నవలలో మంటలు రాణిగారి మందిరానికి అంటుకుంటాయి. నీళ్లు చాలవు. గలివర్ ముందురోజు రాత్రి తాగిన ద్రాక్షసారా పుణ్యమా అని, మూడు నిమిషాల్లో మంటలు ఆర్పేస్తాడు, దేనితో అన్నది మీకు అర్థమయ్యే ఉంటుంది. భవనం దక్కింది. కానీ కోట ఆవరణలో ఆ పని చేస్తే ఆ దేశంలో మరణశిక్ష. తర్వాత అతని మీద మోపిన నేరాల్లో మొదటిది ఇదే. రాజుగారి ఇల్లు కాపాడినందుకు రాజద్రోహం! జాక్ బ్లాక్ కూడా మంట ఆర్పాడు. రాజు నిలువునా తడిశాడు, ఊరంతా జేజేలు కొట్టింది, గలివర్ హీరో అయిపోయాడు. సరిగ్గా అప్పుడే అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని గదిలోకొచ్చి, "ఛీ, పిల్లలకి చూపించేది ఇదా!" అంది. అమ్మ తప్పేం లేదు. నేరం, శిక్ష తీసేశాక అక్కడ మిగిలింది ఉచ్చ ఒక్కటే.

1939 నాటి ఫ్లీషర్ స్టూడియో వాళ్ల కార్టూన్ ఈ ఘట్టం జోలికే పోలేదు. డిస్నీ 'స్నో వైట్' ఆడిన రెండేళ్లకి అమెరికాలో వచ్చిన రెండో పెద్ద నిడివి కార్టూన్ ఇది. గుడ్డు తగాదా తీసేసి పెళ్లి తగాదా పెట్టారు. అబ్బాయి తండ్రి ఒక పాట పాడించాలంటాడు, అమ్మాయి తండ్రి ఇంకోటంటాడు, యుద్ధం వచ్చేస్తుంది. మతం పేరుతో కొట్టుకునేవాళ్లని స్విఫ్ట్ పెట్టిన వాత ఇందులో చల్లారిపోయింది. అయినా కాఫీ చల్లారిందని అలిగే వియ్యాలవారిని చూసిన మనకి, గుడ్డు కన్నా పాటే నమ్మబుద్ధేస్తుంది. లిల్లీపుట్ తప్ప మిగతా ప్రయాణాలేవీ లేవు.

కానీ ఒడ్డున పడి నిద్రపోతున్న గలివర్‌ని కట్టేసే భాగం కోసమైనా దాన్ని చూడాలి. రాత్రంతా పని నడుస్తుంది. మోకులు, కప్పీలు, చక్రాల బండి, వేలు సందులోంచి దూరి ముడేసేవాడొకడు, జుట్టు పాయలు మేకులకి చుట్టేవాడొకడు. గుంటడు గుడ్లప్పగించి, "మన పోర్టులో క్రేన్లలాగే ఉన్నాయి" అన్నాడు. నిజం మనిషిని ఫిల్ము తీసి, దాని మీద గీసిన బొమ్మ కాబట్టి గలివర్ నిజంగా బరువున్నవాడిలా కనిపిస్తాడు. చిన్నవాళ్లేమో రబ్బరు బొమ్మల్లా సాగుతారు. హీరో చప్పిడి మనిషే. ఆ చప్పిడితనమే ఇక్కడ కలిసొచ్చింది, నవ్వడు కాబట్టి.

(1960లో వచ్చింది ఇంకోటుంది. బొమ్మల్ని కదిలించి సినిమా తీసే రే హ్యారీహౌసెన్ చేసిన బొమ్మ మొసలితో కత్తియుద్ధం తప్ప నాకేం నిలవలేదు. అందులో మంటని ద్రాక్షసారా పుక్కిలించి ఆర్పుతాడు. సెన్సారుకి దణ్ణం.)

ఇక 1996ది. దాదాపు మూడు గంటలు, రెండు రాత్రులు పట్టింది, మధ్యలో కరెంటు పోయింది. నాలుగు ప్రయాణాలూ ఉన్నది ఈ మూడింట్లో దీన్లోనే. మరుగుజ్జులు, రాక్షసులంత మనుషులు, గాల్లో తేలే దీవి, గుర్రాల దేశం. మా స్కూలు నాన్‌డిటైల్డ్ పుస్తకంలో మొదటి రెండే ఉండేవి. మూడో ప్రయాణంలో దోసకాయల్లోంచి ఎండ పిండాలనుకునే పండితుడున్నాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పీటర్ ఓటూల్ ఆరంగుళాల చక్రవర్తిగా కూర్చుంటే, ఆ ఠీవి చూసి నవ్వు ఆగదు, ఆయన మాత్రం చిరునవ్వు కూడా నవ్వడు.

దీనికి వేసిన కొత్త అల్లిక ఏమిటంటే, గలివర్ ఇంటికి తిరిగొచ్చాక కథ చెబుతుంటాడు. ఎవరూ నమ్మరు. పిచ్చాసుపత్రిలో పెడతారు. ఇంగ్లండు గదీ, లిల్లీపుట్ కోటా ఒకదాంట్లోంచి ఒకటి తెరుచుకుంటుంటాయి. గలివర్ వేసిన టెడ్ డాన్సన్ అమెరికా యాస దాచుకోడు, మొదట్లో అది చెవికి గుచ్చుకుంటుంది. పది నిమిషాలకి మర్చిపోతాం, ఎందుకంటే మనిషి నిజం చెబుతున్నట్టే చెబుతాడు. పదేళ్ల మేనకోడలు రెండో రాత్రి దుప్పట్లోంచి తల బయటపెట్టి, "మావయ్యా, ఇతను చెప్పేది నిజమా, పిచ్చా?" అంది. మూడింట్లో ఆ ప్రశ్న అడిగించింది ఇదొక్కటే.

ఆరేళ్లవాడికి మాత్రం ఇది బరువు. వాడు గుర్రాలు రాకముందే నిద్రపోయాడు. వాడికి కార్టూనే మేలు. జాక్ బ్లాక్‌ది రైల్లో టైమ్‌పాస్‌కి సరే.

1996 దానిలో నాకొకటి నచ్చలేదు, ముగింపు. లిల్లీపుట్ నుంచి తెచ్చిన బుల్లి గొర్రె సాక్ష్యంగా దొరుకుతుంది, కుటుంబం కలుస్తుంది, మనం కళ్లు తుడుచుకుంటాం. నవలలోనూ గొర్రెలు తెస్తాడు, కానీ ఆఖరి ప్రయాణం తర్వాత మనిషి వాసనే గిట్టదు. పెళ్లాం ముద్దుపెట్టుకుంటే మూర్ఛపోతాడు. గుర్రాలు కొనుక్కుని, రోజూ నాలుగు గంటలు వాటితో కబుర్లు చెప్పుకుంటాడు. ఇది చెబితే మేనకోడలు కాసేపు ఆలోచించి అడిగింది: "మరి వాళ్లావిడ ఊరుకుందా?"