విజయనగరంలో ల్యాప్‌టాప్ డీవీడీ డ్రైవ్ మార్పిస్తున్నారా? ముందు ఇది చదవండి

"డీవీడీ పడటం లేదు" అంటూ పాత ల్యాప్‌టాప్ పట్టుకుని టౌన్‌లో రిపేర్ షాపుకి వెళ్లేవాళ్లు ఇది చదివి వెళ్లండి. డ్రైవ్ మార్చాం, విండోస్ వేశాం అని మా పెదనాన్నగారి దగ్గర మూడు వేల పైన తీసుకున్నారు. లోపల పెట్టింది ఎవరో వాడేసిన డ్రైవ్. బిల్లు ఇవ్వలేదు, పాత డ్రైవ్ తిరిగి ఇవ్వలేదు. ఇంతా చేసి డీవీడీ పడిందా అంటే అదీ లేదు. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి షాపు పేరు ఇక్కడ రాయను, ఎక్కడో కూడా చెప్పను. దయచేసి అడగొద్దు.

నిరుడు సిరిమానోత్సవానికి అందరూ ఇంటికి వచ్చినప్పుడు అక్క పెళ్లి డీవీడీ చూద్దామన్నారు. స్టూడియోవాళ్లు ఆల్బమ్‌తో పాటు ఇచ్చిన డిస్కు అది, పైన పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఫోటో స్టిక్కర్ అంటించి ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో పెడితే గర్రుమని శబ్దం, కాసేపు తిరగడం, ఆగిపోవడం. పాటల సీడీ పెడితే బాగానే పాడింది. పెదనాన్నగారి దగ్గర ఉన్న ఒక హరికథ డీవీడీ కూడా పడింది. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి, అసలు గొడవంతా దీని దగ్గరే ఉంది.

పండగ అయ్యాక ఆయన ఒక్కరే షాపుకి తీసుకెళ్లారు. అక్కడివాళ్లు పెళ్లి డిస్కు ఒక్కటే పెట్టి చూసి, "లెన్స్ పోయింది మాస్టారూ, డ్రైవ్ మార్చాలి. పనిలో పనిగా విండోస్ కూడా మార్చేద్దాం, సెవెన్ ఎవరు వాడుతున్నారిప్పుడు?" అన్నారట. హరికథ పడుతోంది కదా బాబూ అంటే, సీడీకి వేరే లేజర్, డీవీడీకి వేరే లేజర్ ఉంటుందని పాఠం చెప్పారు.

పాఠం తప్పేమీ కాదు. సీడీ చదివే లేజర్ 780 నానోమీటర్లది, డీవీడీ చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. ఒకటి పోయి ఇంకోటి పని చేయడం మామూలే. కానీ ఆయన చెప్పింది హరికథ సీడీ గురించి కాదు, డీవీడీ గురించి. ఒక డీవీడీ పడుతూ ఇంకోటి పడకపోతే ముందు అనుమానించాల్సింది డిస్కుని. మనకి తెలియని నిజం ఒకటి చెప్పి నోరు మూయించడం కొందరికి బాగా అలవాటు.

ల్యాప్‌టాప్ తిరిగొచ్చాక పరిస్థితి ఇంకా పాడైంది. పెళ్లి డిస్కు మళ్లీ గర్రుమంది. ముందు పడిన హరికథ కూడా పడటం మానేసింది, పెడితే వీడియో టీఎస్ అనే ఫోల్డర్ తెరుచుకుంటోంది అంతే. ఫోన్ చేస్తే "కోడెక్ (వీడియో ఆడించే సాఫ్ట్‌వేర్) వెయ్యాలి, తొమ్మిది వందలు అవుతుంది" అన్నారు. స్క్రీన్ మూల "యాక్టివేట్ విండోస్" అని రాత, అంటే లైసెన్స్ వేయని విండోస్ అన్నమాట. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న పెన్షన్ కాగితాల స్కాన్‌లు ఫార్మాట్‌లో పోయాయి, బ్యాకప్ కావాలా అని ఒక్క మాట అడగలేదు. డబ్బు కంటే పెదనాన్నకి ఎక్కువ కోపం వచ్చింది దీనికే.

అప్పుడు నన్ను పిలిచారు. హరికథ ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధనేమీ అక్కర్లేదు. విండోస్ 7 హోమ్ ప్రీమియంలో డీవీడీ సినిమా ఆడించే డీకోడర్ లోపలే ఉండేది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది, 2015 నాటి విండోస్ 10లో కూడా లేదు. కావాలంటే వాళ్ల స్టోర్‌లో డబ్బు పెట్టి కొనుక్కునే డీవీడీ ప్లేయర్ యాప్ ఒకటి ఉంది. కొనక్కర్లేదు, వీఎల్‌సీ అనే ప్లేయర్ వీడియోలాన్ సైట్‌లో పూర్తిగా ఉచితం, డీవీడీలు శుభ్రంగా ఆడిస్తుంది. అది వేయగానే హరికథ మొదలైంది. అంటే చక్కగా ఆడుతున్న దాన్ని విండోస్ మార్చి ఆపేసి, మళ్లీ ఆడించడానికి తొమ్మిది వందలు అడిగారన్నమాట.

ఇక "కొత్త" డ్రైవ్ సంగతి. ముందు భాగంలో ఉండే ప్లాస్టిక్ పట్టీ ల్యాప్‌టాప్ అంచుతో కలవలేదు, వేలు పెడితే తెలిసేంత ఎత్తుపల్లం. చాలా పాత ల్యాప్‌టాప్‌లలో అడుగున ఒక్క స్క్రూ తీస్తే డ్రైవ్ మొత్తం జారి బయటికొస్తుంది. తీసి చూస్తే లేబుల్ మీద తయారైన సంవత్సరం 2011. ల్యాప్‌టాప్ కొన్నదే 2012లో.

అయినా పాత స్టాకు అని తప్పించుకోవచ్చు. వాళ్లు తప్పించుకోలేనిది ఇంకోటి దొరికింది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. డీవీడీ డ్రైవ్ పేరు మీద మళ్లీ రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్తే డీవీడీ రీజియన్ అనే ట్యాబ్ ఉంటుంది. సినిమా డీవీడీలకి ప్రపంచాన్ని రీజియన్లుగా విడగొట్టారు, డిస్కు రీజియన్ డ్రైవ్ రీజియన్‌తో కలిస్తేనే ఆడేలా. మన దేశం 5, అమెరికా 1, యూరప్, జపాన్ 2. డ్రైవ్‌లో ఈ రీజియన్‌ని ఐదుసార్లు మాత్రమే మార్చనిస్తారు, ఆ తర్వాత తాళం పడిపోతుంది. ఎన్ని మార్పులు మిగిలాయో ఆ ట్యాబ్‌లో అంకె కనిపిస్తుంది. ఆ లెక్క డ్రైవ్ లోపలే ఉంటుంది కాబట్టి విండోస్ ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా మళ్లీ ఐదు కాదు. పెదనాన్నగారి "కొత్త" డ్రైవ్‌లో రీజియన్ 1 అని ఉంది, రెండు మార్పులే మిగిలాయి. ఎవరో అమెరికా డిస్కుల కోసం మార్చుకుంటూ వాడిన డ్రైవ్ అన్నమాట. ఆ స్క్రీన్‌కి ఫోటో తీసి షాపుకి పంపితే అప్పటిదాకా గట్టిగా మాట్లాడినవాళ్లు "ఒకసారి షాపుకి రండి, మాట్లాడుకుందాం" అన్నారు.

పెళ్లి డిస్కు గోల వేరే. దాని జబ్బు ఆ ఫోటో స్టిక్కరే. మన వైపు తేమకి కాగితం ఉబ్బి ఒక పక్క లేచింది. ల్యాప్‌టాప్‌లో ఉండేవి సన్న డ్రైవ్‌లు, లోపల జాగా తక్కువ. బరువు ఒక పక్కకి ఉన్న డిస్కు వేగంగా తిరిగితే వణుకుతుంది, లేజర్‌కి గురి కుదరదు. స్టిక్కర్ పీకకండి, సగం చిరిగి సగం మిగిలితే వణుకు ఇంకా పెరుగుతుంది. మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లో అదే డిస్కు చదివింది, నెమ్మదిగానే అయినా. వెంటనే ఫోల్డర్ మొత్తం హార్డ్ డిస్కులోకి కాపీ చేశాను. పెళ్లి డీవీడీలకి సాధారణంగా కాపీ తాళాలు ఉండవు. ఒక పొర డిస్కులో పట్టేది 4.7 జీబీయే కాబట్టి 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. లోపలి వీవోబీ ఫైళ్లు (వీడియో ఉండేది వీటిలోనే) ఒక్కోటి ఒక జీబీ దాటవు, పాత పెన్‌డ్రైవ్‌లు కూడా వాటిని ఇబ్బంది లేకుండా తీసుకుంటాయి.

మీ డిస్కు పడకపోతే షాపు మెట్లు ఎక్కేముందు ఇంకో డీవీడీ వేసి చూడండి, వీఎల్‌సీ వేసి చూడండి. డిస్కు అడుగున మరకలుంటే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ కాదు. అసలు కంప్యూటర్‌లో డ్రైవ్ గుర్తే కనిపించకపోతే అప్పుడు షాపు మాట వినొచ్చు. అప్పుడు కూడా బయట పెట్టుకునే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి బిల్లుతో కొనుక్కోవడం నయం అని నా అభిప్రాయం, ల్యాప్‌టాప్ మారినా పనికొస్తుంది. దాన్ని చవక హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. కరెంటు చాలకపోతే అది కూడా చెడిపోయినదానిలాగే టకటకమంటుంది.

ఎలాగూ మార్పించాల్సి వస్తే పాత డ్రైవ్ లేబుల్‌కి ఫోటో తీసుకోండి, మీ ఎదురుగానే విప్పమనండి, పాతది చేతికి ఇమ్మనండి. విండోస్ మారుస్తామంటే ఏ విండోస్, లైసెన్స్ ఉందా, ఫైళ్లు ఎక్కడ దాస్తారు అని అడగండి. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది, "ఇంత చిన్నదానికి బిల్లేంటి మాస్టారూ" అంటే ఈ మాట చెప్పండి. మేం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు విషయాలకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. శ్రీకాకుళంవాళ్లకి అక్కడే జిల్లా కమిషన్ ఉంది.

షాపువాళ్లు డ్రైవ్ డబ్బు వెనక్కి ఇస్తామంటున్నారు, ఫార్మాట్ డబ్బు మాత్రం ఇవ్వరట. పాత డ్రైవ్ "స్క్రాప్‌లో పడేశాం" అంటున్నారు. అది ఇంకో మాస్టారి ల్యాప్‌టాప్‌లో కొత్తదిగా కూర్చుందేమో అని నా అనుమానం. ఈ మధ్య మీరు కూడా టౌన్‌లో డ్రైవ్ మార్పించి ఉంటే ఆ రీజియన్ ట్యాబ్ ఒకసారి తెరవండి. ఐదో నాలుగో ఉంటే సరే. అంతకంటే తక్కువుంటే ఫోటో తీసి, డబ్బు పంపిన ఫోన్‌పే మెసేజ్ చెరిపేయకుండా ఉంచి, కింద రాయండి. కలిసి వేద్దాం కంప్లైంట్.