మూడు రోజుల మహాసభలా, ఏడాదంతా ఒక్క పల్లెనా?

ఒంగోలు పరిసరాల క్రైస్తవ సంఘాల్లో కొత్త సంవత్సరపు లెక్కలకు కూర్చున్నప్పుడల్లా ఒక ప్రశ్న ఎదురవుతుంది. సువార్త పనికని విడిగా ఉంచిన కానుకను మూడు రోజుల ఉజ్జీవ సభలకు ఖర్చు పెట్టాలా, సంఘస్థులే ఏడాది పొడవునా ఒక పల్లెకు వెళ్లి రావడానికి వాడాలా, లేక ఒక సువార్తికుడికి జీతమిచ్చి ఆ భారం ఆయనకే అప్పగించాలా?

సభలను తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. మనల్ని గడప దాటి లోపలికి పిలవలేని మనిషి కూడా చీకట్లో మైదానం అంచున నిలబడి, ఎవరి కంటా పడకుండా విని వెళ్లగలడు. అయితే షామియానాకూ మైకు సెట్టుకూ ప్రసంగీకుల ప్రయాణాలకూ సొమ్మంతా కరిగిపోయాక చూస్తే, ముందు వరుస కుర్చీల్లో కూర్చున్నది చాలావరకు పక్క సంఘాల విశ్వాసులే. అది సహవాసమే గానీ, దాన్ని మిషను పని అనడానికి నాకు మనసొప్పదు.

సభలను సమర్థించేవారు తరచుగా 1878 జూలై 3ను గుర్తుచేస్తారు. ఆ రోజు గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారు. కానీ ఆ రోజుకు ముందు జరిగినదాన్ని వదిలేస్తే లెక్క తప్పుతుంది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మందే. ఎర్రగుంట్ల పేరయ్య అనే చర్మ వ్యాపారి తన వృత్తి, బంధుత్వాలు నడిపిన దారుల వెంటే కబురు మోసుకెళ్లాడు. 1876–78 కరవులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని కల్పించాడు. ఆయన సహచర బోధకులు పనిని పర్యవేక్షిస్తూ, కూలీలు అలసి కూర్చున్న వేళల్లో వారి పక్కన కూర్చుని మాట్లాడారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాటకు తావివ్వకూడదని క్లౌ కరవు రోజుల్లో బాప్తిస్మాలనే ఆపాడు. ఆ ఒక్క రోజు వెనుక ఏళ్ల నడక ఉంది.

జీతానికి సువార్తికుణ్ణి పెట్టడం అవసరమైన పనే. దూర ప్రాంతాలకూ, ఇతర భాషల వారి మధ్యకూ వేరే దారి లేదు. కానీ పది కిలోమీటర్ల అవతలి పల్లెకు కూడా ఆయన్నే పంపి, మనం నెలాఖరు రిపోర్టు విని చప్పట్లు కొట్టడం మాత్రం సోమరితనమే.

ఇక పల్లె సంగతి. మా సంఘం నుంచి శనివారం సాయంత్రాల్లో ఆరుగురం షేర్ ఆటోలో వెళ్లేవాళ్లం. ప్రార్థన ఏడింటికని అనుకున్నాం గానీ, పొగాకు పనికి పోయి వచ్చిన ఆడవాళ్లు వేళ్లకంటిన జిగురు వదిలేదాకా నీళ్ల తొట్టి దగ్గర చేతులు రుద్దుకుంటుంటే, ఎనిమిదిన్నరకు ముందు చాప పరచడం ఏనాడూ కుదరలేదు. ఆ గంటన్నరలోనే అసలు మాటలు నడిచేవి: ఎవరి పిల్ల బడి మానేసింది, ఏ ముసలాయనను కంటి పరీక్షకు ఒంగోలు తీసుకెళ్లాలి. ఆయనను తీసుకెళ్లాం. ఆయన ఇప్పటికీ ప్రార్థనకు రాడు, మేమూ రమ్మని ఒత్తిడి చేయలేదు. వార్షిక నివేదికలో రాసుకోవడానికి ఈ పద్ధతిలో అంకెలు దొరకవన్నది నిజం. మూడో నెలకల్లా మనవాళ్లలో ఉత్సాహం తగ్గుతుందన్నదీ నిజమే.

అయినా నూరు కుటుంబాల లోపు సంఘానికి పల్లె మార్గమే మేలని నా అభిప్రాయం. పట్టణంలోని పెద్ద సంఘాలు రెండేళ్లకోసారి సభలు పెట్టుకోవచ్చు. అయితే విన్నవారి ఇళ్లకు మరుసటి వారం ఎవరు వెళ్తారో ముందే తేల్చుకోవాలి. పల్లెను ఎంచుకునే ముందు కూడా వారం వారం ఆటో ఎక్కేవారి పేర్లను కాగితం మీద రాసి చూడాలి. మా దగ్గర ఆ కాగితం నిండడానికే రెండు నెలలు పట్టింది, మొదట రాసిన పేర్లలో రెండు సంఘ పెద్దలవే, వాటిని తర్వాత కొట్టివేయాల్సి వచ్చింది.